సోఫా కింద దాచిన ముక్క

2005. అమీర్‌పేటలో మా కార్పెట్ల కొట్టుకి ఎదురుగా కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి లేస్తున్న రోజులు. అక్కడ చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలు ఫ్లాట్లు కొనుక్కుని, ఒక గదిని హోమ్ థియేటర్ చేయించుకునేవారు. సినిమా చూడ్డానికి విడిగా ఒక గది ఎందుకో నాకు బోధపడేది కాదు. పని మాత్రం వదిలేదాన్ని కాదు.

పంజాగుట్టలో కిరణ్ అనే అబ్బాయిది అలాంటి ఇల్లే. వెనక వరసవాళ్ళకి ముందువాళ్ళ తలకాయలు అడ్డం రాకుండా చెక్కతో అరుగు కడతారు, దాన్ని రైజర్ అంటారు. బోరబండ వడ్రంగి యాదగిరి ప్లైవుడ్‌తో అది కట్టాలి, నేను దానికి కార్పెట్ వేయించాలి. అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండిళ్ళవాళ్ళు ఈ పని చూశాకే మాకు ఆర్డరిస్తామన్నారు. అందుకని దగ్గరుండి చేయించాను.

కిరణ్ ఎనిమిదంగుళాల ఎత్తు చాలన్నాడు. అరుగు మీంచి ముందు అంచు దాటించి, నేల దాకా ఒకే ముక్కగా కార్పెట్ దించి అంటించాం. మర్నాడు ముందు వరస సీట్లు దిగాయి. వాటి వీపులు బీరువా తలుపుల్లా ఉన్నాయి. వెనక కూర్చుంటే తెర అడుగుభాగం కనబడటం లేదు.

"ఆంటీ, అడుగు ఎత్తు కావాలి."

"మరి ఎనిమిదని ఏం చూసి చెప్పావు బాబూ?"

"ప్లాస్టిక్ కుర్చీలు వేసి చూశానండీ."

"ఇంజనీరు సారు లెక్క గిట్లుంటదా అమ్మా?" అన్నాడు యాదగిరి, మేకులు పీకుతూ.

అరుగు నాలుగంగుళాలు పెరిగింది, కార్పెట్ నాలుగంగుళాలు పొట్టిదైంది. గోడౌన్‌లో ఆ షేడ్ అయిపోయింది. మా దగ్గర మిగిలింది రోల్ పొడవునా కోసిన, అడుగు వెడల్పు పట్టీ ఒక్కటే. పారేయడం నాకు చేతకాదు. ముందు అంచు కార్పెట్ కోసేసి, ఆ పట్టీ అడ్డంగా తిప్పి అంటించాను. కార్పెట్‌కి పైల్ ఉంటుంది, అంటే నూగు. అది ఒకవైపుకే వాలి ఉంటుంది. తిప్పితే రంగు తేడా కొడుతుందని తెలుసు. ఎవరు చూస్తార్లే అనుకున్నాను. అంచు కింద బిగించిన మెట్టు లైటు వెయ్యగానే అరుగు ముందంతా వేరే రంగై కూర్చుంది.

"రెండు రకాలు వేశారా ఆంటీ?" అన్నాడు కిరణ్.

వెంటనే ఆ పట్టీ పీకించాను. అరుగు మీద వెనక వరస సోఫా వస్తుంది కదా, దాని కింద ఎవరు చూస్తారు? సోఫా వచ్చే చోట అడుగు వెడల్పు కార్పెట్ కోసి ముందుకి తెచ్చాను. దాని నూగు మిగతాదానితో కలిసింది. ఆ ఖాళీలో పీకిన పట్టీ పెట్టి, పైన సోఫా వేయించాను. ముక్క వృథా పోలేదని లోలోపల నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆదివారం మొదటి సినిమాకి పిలిస్తే వెళ్ళాను. ఆ రెండిళ్ళవాళ్ళూ వచ్చారు. తీరా చూస్తే సోఫా హాల్లో ఉంది. అరుగు మీద బొంతా దిండ్లూ వేసుకుని కిరణ్ వాళ్ళమ్మగారు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"మూడు గంటలు కాళ్ళు వేలాడేసుకుని ఎవరు కూర్చుంటారమ్మా? నేనే తీయించేశాను," అని, బొంత పక్కన చెయ్యి పెట్టి చూపించారు. "ఇక్కడేంటి, వెలిసిపోయినట్టుంది?"

అందరూ వంగి చూశారు. అబద్ధమాడినా నిలిచేది కాదు. "అతుకండీ. సోఫా కింద కనబడదని వేశాను," అన్నాను.

ఆవిడ ఒక దిండు జరిపి దాని మీద పెట్టారు. ఆ రెండిళ్ళ పనీ నాకు రాలేదు.

అప్పట్నుంచి కొలతల టేపు తీసేముందు ఇంటివాళ్ళందర్నీ పిలిచి, ఎలా కూర్చుంటారో కూర్చుని చూపించమంటాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. సగంమంది కిందే కూర్చుంటారు. మన ఇళ్ళలో సోఫా కింద కనబడదు అనే చోటు లేదు.