లీలారాణి తిప్పిన ఉక్కు దిమ్మ

అణు రియాక్టరులో ఇంధనం ఉండే పెద్ద ఉక్కు పాత్రకు, అతుకుల దగ్గర పగుళ్లున్నాయేమో శబ్ద తరంగాలతో వెతకడం లీలారాణి చేసిన ఉద్యోగం. రిటైరయ్యాక సొంతూరు నరసన్నపేటలో, హైవే పక్కన రేకుల షెడ్డు వేసి అదే పని నేర్పుతోంది.

ఆ పాత్రలను పదేళ్లకోసారి తనిఖీ చేయాలన్నది నిబంధన. దాన్ని ఇరవై ఏళ్లకు పెంచవచ్చా అని తేల్చే కమిటీలో నిరుడు ఆమెను వేశారు. పెంచమనేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. తనిఖీ చేసిన ప్రతిసారీ మనుషులు రేడియేషన్ ఉన్న చోటికి వెళ్లాలి. టన్నుల బరువున్న మూత ఎత్తి దించాలి. అందులోనూ ప్రమాదం ఉంది. ఇన్నాళ్లూ వెతికితే చెప్పుకోదగ్గ పగులు దొరకలేదు కూడా. అసలు పగులంటూ ఉంటే మనవాళ్లు పట్టుకోగలరా? ఆ ప్రశ్నకు జవాబు లీలారాణి షెడ్డులో తనిఖీ బృందానికి పెట్టే పరీక్షల నుంచే రావాలి.

పరీక్షకు అక్కడ ఒక ఉక్కు దిమ్మ ఉంది. లోపల కావాలని పెట్టిన పగుళ్లుంటాయి, పైకి కనబడవు. తనిఖీ బృందానికి పెద్ద ఎజ్రా, ఆమె అన్న కొడుకు. ఏటా ఒక్క పగులూ వదలకుండా పట్టేస్తాడు. ఈసారీ పట్టేశాడు. అయితే శబ్ద తరంగాల పరికరం పట్టుకున్న అతని చేయి దిమ్మ మీద గబగబా సాగి, కొన్నిచోట్ల మాత్రమే నెమ్మదించడం ఆమె గమనించింది. చిన్నప్పుడు సండేస్కూల్లో బైబిలు కంఠత వాక్యాలు తానూ అప్పజెప్పిన మనిషే. బట్టీ పట్టిన చోట గొంతు ఎలా పరుగెత్తుతుందో ఆమెకు తెలుసు.

అందరూ టీకి వెళ్లగానే చైన్ కప్పీతో దిమ్మను ఎత్తి, ఎడమ కొస కుడికి వచ్చేలా తిప్పి పెట్టింది. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి, తిప్పినట్టు తెలియదు.

"ఒరే ఎజ్రా, ఇంకోసారి సూడరా."

"ఏటత్తా, మతిమరుపొచ్చినాదా నీకు? ఇందాకే కదా సూసినాను!"

గొణుగుతూనే చూశాడు. పగుళ్లున్నాయని పాత చోట్లే గుర్తులు పెట్టాడు. అక్కడ ఉక్కు శుభ్రంగా ఉంది. పరికరం తెర మీద ఎప్పుడూ కదిలే పిచ్చిగీతల్లోనే తనకు అలవాటైన పగుళ్లను చూసుకున్నాడు. అసలు పగుళ్ల మీదుగా చేయి జారిపోయింది.

"దిమ్మ తిప్పీసినాన్రా" అంది లీలారాణి.

ఎజ్రా ముఖం కందిపోయింది. "మోసం సేసినావత్తా!"

"ఇన్నేళ్లూ అదే దిమ్మెట్టి నిన్ను పాడుసేసింది నేనే. మోసమంటే అదీ."

"కమిటీకి సెప్పీస్తావేటి? మా పరువో? ఇరవై ఏళ్లయితే మేం ఆ రేడియేషన్లోకి ఎల్లడం సగం తగ్గుతాది కదా!"

"తగ్గాలనే నాకూ ఉన్నాది. తప్పుడు లెక్కతో కాదు."

తన షెడ్డు ఫలితాలన్నీ లెక్కలోంచి తీసేయమని కమిటీకి చెప్పింది. నిర్ణయం నెలల తరబడి ఆగింది. కొందరు విసుక్కున్నారు. కమిటీల్లో సొంత లెక్కను తామే కొట్టేయించుకునేవాళ్లు అరుదు. పగుళ్లెక్కడున్నాయో తనకూ తెలియకుండా వేరే వర్క్‌షాపులో కొత్త దిమ్మలు చేయించింది. ఈసారి ఎజ్రా బృందం పెద్ద పగుళ్లన్నీ పట్టింది, చిన్నవి కొన్ని వదిలేసింది. లీలారాణి ఆ ఫలితాలను ఉన్నదున్నట్టు కమిటీకి ఇచ్చింది.

ఆ లెక్కతో చూస్తే చాలా అతుకులకు ఇరవై ఏళ్ల గడువు సరిపోతుంది. ఇంధనానికి ఎదురుగా, రేడియేషన్‌కు ఉక్కు పెళుసెక్కే చోట మాత్రం చిన్న పగులునూ వదలకూడదు. భయం కొద్దీ అన్నిటికీ పదేళ్లే ఉంచమని ఆమె అనలేదు, మేనల్లుడి కోసం అన్నిటికీ ఇరవై అనీ అనలేదు. ఇంధనం ఎదుటి అతుకులకు పదేళ్లు, మిగతావాటికి ఇరవై అంది. కమిటీ ఒప్పుకుంది.

పదేళ్లు నిండిన రియాక్టరు ఒకటి ఉంది. ఎజ్రా బృందానికి పిలుపొచ్చింది. లీలారాణి ఆమదాలవలస స్టేషను దాకా వెళ్లింది.

"నువ్వు అన్నిటికీ ఇరవై ఏళ్లకి ఊ అనుంటే ఈపాటికి భావనపాడు సముద్రం ఒడ్డున సేపలు కాల్సుకు తినీవోడిని" అన్నాడు ఎజ్రా.

"ఒళ్లు దగ్గరెట్టుకుని సూడు. నీ తర్వాత ఇంకో మనిషిసేత సూపించు. నువ్వేటి సూసినావో ఆడికి సెప్పకు."

"నామీద నమ్మకం నేదేటి?"

"పెళుసెక్కిన ఉక్కురా అది" అంది.

ఎజ్రా తలూపాడు. సంచి భుజానికెత్తుకుని రైలెక్కాడు.