పదేళ్ల సమాధి

యాకోమీనా పుట్టింది అంబోన్ దీవిలో, ఎండబెట్టిన లవంగాల వాసన ఇంటింటా ఉండే ఊళ్లో. బడి మొహం చూసింది రెండేళ్లే, చదవడం వంటబట్టలేదు. పద్దెనిమిదో ఏట సిపాయిని కట్టుకుని, అప్పట్నుంచీ పటాలం ఎక్కడికంటే అక్కడికి మూట నెత్తిన పెట్టుకుని నడిచింది. ఆ దీవుల్ని ఏలే డచ్చివాళ్ల పటాలం అది. మొగుడు ఎఫ్రాయిం అందులో సార్జెంటు. పెళ్లయిన రెండేళ్లకే జపాను సైన్యం దిగి అతన్ని బందీగా పట్టుకుపోతే, మూడున్నరేళ్లు బజారులో అరటికాయ బజ్జీలు అమ్ముకుని బతికింది. యుద్ధం అయ్యాక ఎముకల గూడులా తిరిగొచ్చిన ఎఫ్రాయిం నెల తిరక్కుండా మళ్లీ అదే యూనిఫాం తొడుక్కున్నాడు.

"ఇంకా తీరలేదా నీకు?" అని అడిగింది.

"రాణిగారికి మాటిచ్చాను మీనా. మాటంటే మాటే," అన్నాడు.

ఆ రాణిగారి జెండా జావా నుంచి శాశ్వతంగా దిగిపోయింది. ఆ దీవులన్నీ కలిసి స్వతంత్ర దేశమయ్యాయి, ఆ కొత్త దేశానికి కొత్త సైన్యం వచ్చింది. డచ్చివాళ్ల తరఫున తుపాకీ పట్టిన అంబోన్ సిపాయిల్ని ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోక, పెళ్లాం బిడ్డలతో సహా ఓడలెక్కించి హాలండు పంపారు. ఎక్కమన్నది సైన్యం ఆజ్ఞ. ఆర్నెల్లే, పరిస్థితులు చక్కబడగానే తీసుకొచ్చి మీ దీవుల్లో దింపుతాం అన్నారు. నెల రోజుల ప్రయాణం తర్వాత రాటర్‌డామ్ రేవులో ఎఫ్రాయిం బూట్లు తళతళలాడేలా తుడుచుకుని, పతకాలు పెట్టుకుని, నిటారుగా ఓడ దిగాడు. అక్కడి డచ్చి అధికారులు అతని చేతిలో ఒక కాగితం పెట్టారు. నిన్ను పటాలంలోంచి తీసేశాం అని అందులో ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య! పద్నాలుగేళ్ల కొలువుకు ఆ కాగితమే వీడ్కోలు. ఎఫ్రాయిం దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, యూనిఫాం జేబులో దాచుకున్నాడు. ఏముందందులో అని యాకోమీనా అడిగితే, "ఏదో లాంఛనంలే" అన్నాడు. మూడేళ్ల ఓర్పా తల్లి చంకలో ఉంది. రెండోది కడుపులో పడింది ఆ ఏడే.

వాళ్లను తీసుకెళ్లి ఉంచింది ఉత్తరాన, పొదలూ పైన్ చెట్లూ తప్ప మరేం లేని బీడులో. పేరు ఫెన్‌హాయిడె శిబిరం. చెక్క బారకాసులు, కుటుంబానికి రెండేసి గదులు. తిండి కూడా సర్కారే వండి పంపేది. ఉడకబెట్టిన బంగాళదుంపలు, ఉడకబెట్టిన ఆకులు, ఉడకబెట్టిన మాంసం. "పురిటి పథ్యం మూడొందల మందికి పెడుతున్నారే వీళ్లు!" అని యాకోమీనా గిన్నె మూత పెట్టేసేది. మంచం వెనక దొంగతనంగా కిరసనాయిలు పొయ్యి వెలిగించి, మిరపకాయలు నూరుకుని, ఆ దుంపల్లోనే కలిపి పిల్లకి పెట్టేది. కర్టెన్లు కొందామంటే ఎఫ్రాయిం ఒప్పుకోలేదు. గోడ గడియారానికీ ఒప్పుకోలేదు. "ఆర్నెల్లకి గడియారమెందుకు?" అనేవాడు. చలికోట్లు కూడా ఎవరో వాడి పారేసినవి తెచ్చుకున్నారు.

ఆర్నెల్లు పోయాయి. ఆ జనవరిలో, కిటికీ అద్దాల లోపలివైపు కూడా మంచు పేరుకున్న రోజుల్లో, సలోమి పుట్టింది. నలభై ఒక్క రోజులు బతికింది. చివరి వారమంతా పిల్ల ఛాతీలో పిల్లికూతలు. శిబిరం డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపి వెళ్లాడు. ఆ చలికాలం శిబిరంలో సలోమి కాక మరో ముగ్గురు పసివాళ్లు పోయారు. నలుగుర్నీ ఊరి సమాధుల తోటలో, గోడ పక్కన ఒకే వరసలో పెట్టారు.

ఆ దేశంలో చచ్చినవాళ్లకీ గడువుంటుంది. నేల తక్కువ, నీళ్లెక్కువ. ఎవరైనా సరే కొన్నేళ్లకే ఆ చోటు. తర్వాత అయినవాళ్లొచ్చి మళ్లీ సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఎముకలు తీసి, ఆ చోటు మరొకరికి ఇస్తారు. వాళ్లకది వింతేమీ కాదు. సమాధుల తోట కాపలాదారు ఊస్టింగ్ ఎఫ్రాయింని పక్కకు పిలిచి, పదేళ్లా ఇరవయ్యేళ్లా అని అడిగాడు.

"పదే ఎక్కువ," అన్నాడు ఎఫ్రాయిం. "మేం పోయేటప్పుడు పాపని మాతో తీసుకుపోతాం."

ఈ సంగతి యాకోమీనాకు చెప్పలేదు. చెప్పవలసినదని అతనికి తోచనూ లేదు. ఆమెకు తెలిసిన అంబోన్‌లో పోయినవాళ్లు ఇంటి పక్కనే ఉంటారు. తాతల సమాధుల మీద చేపలెండబెట్టుకుంటారు, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు. వాళ్లను కదిలించేవాడు పుట్టలేదు. అందుకే ప్రతి ఆదివారం, ప్రార్థన అయ్యాక, అరగంట నడిచి ఒక్కతే వెళ్లి, చెక్క సిలువ పక్కన చతికిలబడి, పిల్లకి వారం కబుర్లు చెప్పి వచ్చేది. మిగతా మూడు కుటుంబాలనూ వేరే శిబిరాలకు మార్చేశారు. ఆ ముగ్గురి చుట్టూ కలుపు కూడా తనే పీకేది. "మీ అమ్మలు దూరమెళ్లారు, నేనున్నాగా" అని వాళ్లకీ చెప్పేది.

ఏళ్లు గడిచాయి. సర్కారు వంటశాల మూసేసింది. మగవాళ్లు పనుల్లో చేరారు. ఎఫ్రాయిం చీజ్ ఫ్యాక్టరీలో చక్రాల్లాంటి చీజ్ ముద్దల్ని తిరగేసే పనిలో కుదిరాడు. రాణిగారి సార్జెంటుకు అదీ యోగం. యాకోమీనా మాత్రం ఏటా వసంతం రాగానే పెట్టెలో బట్టలు దులిపి, ఎండకేసి, మళ్లీ సర్దేది. అది చూసినప్పుడు ఎఫ్రాయిం మొహం కాస్త తేటపడేది.

శనివారం సాయంత్రాలు పక్క గది కార్పొరల్ మార్థెన్ వచ్చి కూర్చునేవాడు. కూర్చున్న పావుగంటకి వాదన మొదలు. డచ్చివాళ్లు మనకి చేసింది మంచా, చెడా? పదేళ్లూ అదే వాదన. ఒక్కడూ అంగుళం జరగలేదు.

"మనకి చదువెవరు చెప్పించారు?" అనేవాడు ఎఫ్రాయిం. "ఆస్పత్రెవరు కట్టారు? దేవుడి పుస్తకం ఎవరు తెచ్చారు?"

"తెచ్చారు నాయనా, తెచ్చారు. పుస్తకం మన చేతిలో పెట్టి లవంగాలు పట్టుకుపోయారు. ధర పడిపోతుందని మా ముత్తాతల తోటలు నరికించింది ఎవరు? అడ్డమొచ్చిన ఊళ్లు తగలబెట్టిందెవరు?"

"మూడొందలేళ్ల కిందటి పాట!"

"సరే, పదేళ్ల కిందటి పాట పాడమంటావా? రేవులో ఇచ్చిన కాగితం ఎక్కడ పెట్టావ్, సార్జెంటూ?"

అక్కడికి ఎఫ్రాయిం బూటు అందుకుని తుడవడం మొదలుపెట్టేవాడు. మార్థెన్ గెలిచానన్న ఉషారులో ఆమె వైపు తిరిగేవాడు. "నువ్వు చెప్పక్కా, మంచా చెడా?"

"ముందు ఆ తలుపెయ్యి తమ్ముడూ, చలి కొట్టేస్తోంది," అనేది యాకోమీనా.

అలాంటి మనిషి, పాప పోయి పదేళ్లు నిండిన వసంతంలో ఒక ఆదివారం సమాధుల తోట నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. చెంపలు ఎర్రబడ్డాయి. ఎఫ్రాయిం బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఏమయ్యా, విన్నావా! పాపకి పలక పెట్టారు!"

"ఏ పలక?"

"తెల్లది. సిలువ ముందు చిన్న కమ్మీ పాతి, దాని మీద. నల్లరంగుతో అక్షరాలు, ఎంత నీటుగా ఉన్నాయో! పాపొక్కదానికే కాదు, మనవాళ్ల పిల్లలు నలుగురికీ పెట్టారు. తోట మొత్తంలో ఇంకెవరికీ లేదు. మన పిల్లలకే."

ఎఫ్రాయిం చేతిలో బ్రష్ ఆగిపోయింది. తలెత్తలేదు.

"సర్కారే పెట్టించుంటుంది, కదూ? పేరేసి పెట్టారు కదూ?"

"ఊఁ," అన్నాడు.

"మార్థెన్‌కి చెప్పు, అస్తమానం వాళ్లని ఆడిపోసుకోవద్దని. పదేళ్ల తర్వాతయినా గుర్తుపెట్టుకున్నారు చూడు."

"చెప్తాలే."

ఆ శనివారం ఆమే చెప్పింది. తలుపు సంగతి ఎత్తలేదు. డచ్చివాళ్ల తరఫున జీవితంలో మొదటిసారి వాదించింది. చలికి చంపారు నిజమే, తీసుకొచ్చి పారేశారు నిజమే, కానీ మన బిడ్డల పేరు వాళ్ల నేలలో రాశారు, అది చిన్న సంగతా అంది. మార్థెన్ నోరెళ్లబెట్టి విన్నాడు. తన జట్టులోకి మనిషి వచ్చినందుకు సంతోషించాల్సిన ఎఫ్రాయిం లేచి, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం చేతిసంచిలో ఓ పాతగుడ్డ, సీసాలో వెనిగర్ కలిపిన నీళ్లు పట్టుకెళ్లేది. నాలుగు పలకలూ మెరిసేలా తుడిచేది. ఏడాది పాటు తుడిచింది. ఓర్పాకి అప్పటికి పద్నాలుగేళ్లు, డచ్చి బళ్లో చదువుతోంది, గడగడా చదవగలదు. కానీ ఆదివారాలు దానికి పాటల బృందం ఉండేది. నువ్వూ రావే అని తల్లి అడగలేదు. పాపతో తను ఒంటరిగా గడిపే గంట అదొక్కటే మరి.

మరుసటి చలికాలం మంచు బాగా పడి, యాకోమీనాకు మోకాళ్లు పట్టేసి, అయిదారు వారాలు వెళ్లలేకపోయింది. మార్చి ఆఖర్న, దారి జారుడుగా ఉందని ఓర్పాను తోడు తీసుకుని బయల్దేరింది.

గోడ పక్కన వరస లేదు. సిలువలు లేవు, పలకలు లేవు. నేల దువ్వినట్టు చదునుగా ఉంది. వరస తప్పి వచ్చాననుకుని యాకోమీనా వెనక్కి వెళ్లి గేటు దగ్గర్నుంచి మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మళ్లీ అక్కడికే వచ్చింది. ఊస్టింగ్ దంతెతో ఆకులు లాగుతున్నవాడు చూసి, టోపీ తీసి చేత పట్టుకుని దగ్గరికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. మెల్లగా, డచ్చిలో విడమరిచి చెప్పాడు. సగం వినేసరికి ఓర్పా తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమంటున్నాడే?"

"అమ్మా... అది పేరు పలక కాదంట."

"మరేంటంట?"

"గడువైపోయింది, ఇంటివాళ్లు ఆఫీసుకి రావాలి అని రాసుందంట. ఏడాది ఉంచారంట. ఇంటికి ఉత్తరం కూడా పంపారంట."

యాకోమీనా ముసలాయన వైపు చూసింది. ఆయన ఏదో గొణిగాడు. ఓర్పా అది చెప్పలేక చెప్పింది. "నువ్వు వారం వారం తుడవడం చూశాడంట. అంత శ్రద్ధగా చూసుకుంటున్నారు, సంతకం సంగతి కూడా చూసుకునే ఉంటారులే అనుకున్నాడంట. పై నుంచి కాగితం వచ్చాక తవ్వాడంట."

"పాపేది?"

ఊస్టింగ్ మూలన పైన్ చెట్ల కింద ఒక గుబురు చూపించాడు. అక్కడ లోతుగా గొయ్యి తీసి, అందర్నీ కలిపి పెడతారు. ఏది ఎవరిదో తెలీదు. యాకోమీనా నడుచుకుంటూ అక్కడికి వెళ్లింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక చాలాసేపు నిలబడే ఉంది. సంచిలోంచి గుడ్డ తీసింది, తుడవడానికేమీ లేదు. మళ్లీ లోపల పెట్టుకుంది.

"ఓర్పా, ఆయనకి చెప్పవే. నలభై ఒక్క రోజుల పిల్ల. ఒక్కతే పడుకోవడం దానికి అలవాటు లేదు, రాత్రులు నా ఛాతీ మీదే పడుకునేది. ఇన్నాళ్లూ ఒక్కతే ఉంది. ఇప్పుడందరితో కలిపి పెట్టారు కదా, అదొక్కటీ మంచి పనే చేశారని చెప్పు."

ఓర్పా చెప్పలేదు. ఏడుస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి ఎఫ్రాయిం బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. భార్య మొహం చూశాడు. ఏమీ అడగకుండానే లేచి, యూనిఫాం జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి రేవులో ఇచ్చినది. రెండోది ఏడాది కిందట వచ్చిన ఉత్తరం. సంతకం పెట్టాల్సిన చోట చుక్కల గీత ఖాళీగా ఉంది.

"ఇంకో పదేళ్లకి పెట్టమన్నారు," అన్నాడు.

"పెట్టలేదేం?"

"పెడితే ఇంకో పదేళ్లు ఇక్కడే అని ఒప్పుకున్నట్టే కదా మీనా. నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఏటేటా పెట్టె సర్దుతున్నావు. రేపో మాపో ఓడ వస్తుందని కూర్చున్నావు. ఆ ఆశ ఒక్కటే నీకు మిగిలింది. దాన్ని నా చేత్తో చంపమంటావా?"

"పలక చూసొచ్చి చెప్పినప్పుడు?"

"అప్పుడు నువ్వు నవ్వావు," అన్నాడు ఎఫ్రాయిం. "ఇక్కడికొచ్చాక నువ్వలా నవ్వింది అదే మొదలు."

యాకోమీనా కుర్చీ లాక్కుని అతనికెదురుగా కూర్చుంది. కోపం రావాలి, రాలేదు. ఆర్నెల్లని చెప్పి ఓడెక్కించిన పెద్దమనిషి ఎవరో, ఆ మొహమే ఆమెకు తెలీదు. కోప్పడ్డానికి ఎదురుగా ఉన్నది ఈ వంగిపోయిన మనిషొక్కడే.

"నేనేం కూర్చోలేదయ్యా," అంది. "రేవులో ఆ కాగితం చదివాక నీ మొహం చూశాను. మనం ఇంక పోమని ఆ రోజే తెలుసు నాకు."

"మరి పెట్టె?"

"నీకోసం సర్దాను. నేనది సర్దకపోతే నువ్వు బతకవనిపించింది."

ఎఫ్రాయిం ఉత్తరం మీద అరచెయ్యి పెట్టి, ఇస్త్రీ చేస్తున్నట్టు నిమిరాడు.

"ఆ మాట ఒక్కసారి చెప్పుంటే, సంతకం పెట్టేవాణ్ణి కదే."

యాకోమీనా ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు ఆ దేశంలోనే బతికింది. ఎఫ్రాయింని అక్కడే పూడ్చిపెట్టింది. ఆ మాటకు మాత్రం ఆమెకు జవాబు దొరకలేదు.