లైలాకు ఎడమవైపు నిలబడ్డ రోజు

లైలాకు ఎడమ కన్ను లేదు. దాని దగ్గరికి ఎప్పుడూ కుడివైపు నుంచే, పేరు పిలుస్తూ పోవాలి. నేను ఎప్పుడూ అట్లాగే పోయేదాన్ని. ఆ రోజు పొద్దున మాత్రం గడ్డి పట్టుకొని ఎడమవైపు నుంచి, నోరు మెదపకుండా పోయాను. అది ఉలిక్కిపడి నన్ను గోడకు నెట్టింది. దెబ్బ పెద్దది కాదు. కానీ అటువైపు ఎందుకు పోయానో నాకే తెలియలేదు. నా రోగం మొదలైంది అక్కడే.

మాది జగిత్యాల దగ్గర ఊరు. రెండో తరగతి దాకా చదివాను. మనవలున్నారు. ఖతర్‌లో, అల్ వుకైర్‌లో ఒక మేడమ్ ఇంట్లో వంట చేస్తాను. ఆ ఇంటి వెనుక నాలుగు పోనీలున్నాయి. పోనీ అంటే పొట్టి జాతి గుర్రం. పిల్లలను ఎక్కించుకొని తిరిగీ తిరిగీ అరిగిపోయాక యజమానులు వదిలేస్తే మేడమ్ తెచ్చి పెట్టుకుంది. వాటిని చూసేది నిజామాబాద్ ఖాజా, నలభై దాటినవాడు. వంటయ్యాక నేనూ ఒక చెయ్యి వేస్తాను. ఖాజాకే వదిలేస్తే క్యారెట్ల సంచి ఒక్క పూటలో ఖాళీ చేస్తాడు.

నాలుగూ నాలుగు రకాలు. సుక్కర్ నల్లది, పెత్తనమంతా దానిదే. దాని గిట్టలకు వాపు రోగం, అందుకని గడ్డిని నానబెట్టి, అందులోని తీపి పోయాకే పెట్టాలి. ముసలోడికి పళ్లు లేవు, వాడికి జావ. బిస్కట్ దొంగది, పెదవులతో గడియ తీస్తుంది. గోడకు కట్టిన ఉప్పుగడ్డను నాకీ నాకీ గుంత చేసింది. ఇంత ఉప్పు దండుగ అని నేను తిడితే, "చెమట పోతది గదా అవ్వా, ఎంత కావాల్నో దానికి తెలుసు" అనేవాడు ఖాజా. ఇక లైలా. మనిషి చెయ్యి పైకి లేస్తే చాలు వణుకుతుంది. నా ఒక్కదాని చేతికే తల వంచుతుంది.

లైలా నెట్టిన కొన్నాళ్లకు సుక్కర్‌కు పొడిగడ్డి పెట్టబోయాను. ఖాజా లాక్కున్నాడు.

"అవ్వా, దాన్ని చంపుతవా ఏంది?"

"ఇది బిస్కట్ గదరా."

పరాచికమనుకొని నవ్వాడు. నేను పరాచికాలాడే మనిషిని కాదు.

అవి ప్రపంచ కప్పు పనులు జరిగే రోజులు. రోడ్లన్నీ తవ్వి పెట్టారు. నిన్నటి దారి ఇవాళ ఉండేది కాదు. కూరగాయలకు పోతుంటే, "ఇది మన తొవ్వ కాదు, నన్నెక్కడికి తీస్కపోతున్నవ్?" అని బండిలో అరిచాను. "నాకే తెల్వదవ్వా, ఫోన్ల మ్యాపే పరేషాన్ అయితున్నది" అన్నాడు ఖాజా. అందరూ దారి తప్పుతున్న ఊళ్లో నేను తప్పింది ఎవరికీ పట్టలేదు. నాకూ రోడ్లే మారాయనిపించింది. కానీ పోనీలు మారలేదు కదా. భయం అక్కడ పట్టుకుంది.

తల తిరిగేది, అడుగు తూలేది, కడుపులో వికారం. క్లినిక్‌లో డాక్టరు "హీట్ వల్లే, నీళ్లు బాగా తాగండి" అన్నాడు. నీళ్లకేం ఖర్చు అని చెంబులకు చెంబులు తాగాను. బుర్ర ఇంకా మసకబారింది. ఒకరోజు పప్పులో చక్కెర వేశాను.

మేడమ్ ఖాజాను పిలిచి తనకొచ్చిన హిందీలో, "మామా దిమాగ్ ఖలాస్. గావ్ భేజో" అంది. మామా అంటే నేనే. మతి పోయింది, ఊరికి పంపమని. కోపంగా అనలేదు, జాలిగా అంది. కోపమైతే తిరిగి అనేదాన్ని.

ఊరికి పోవడం బాధ కాదు. మతిలేనిదిగా పోవడమే బాధ. చివరి రోజుల్లో మా అమ్మ నన్ను గుర్తు పట్టలేదు. నాకూ అదే వచ్చిందనుకున్నాను. నేను పోతే లైలా ఎవరి చేతికి తల వంచుతుందన్నది ఇంకో దిగులు.

తర్వాతది ఖాజా చెప్తేనే తెలిసింది. ఒక మధ్యాహ్నం లైలా కొట్టంలో కూర్చొని, అతన్నే చూసి "నువ్వెవలు బిడ్డా?" అని అడిగానట. అంతే, అతను మేడమ్‌ను కూడా అడగకుండా బండెక్కించి ఎమర్జెన్సీకి తీసుకుపోయాడు.

సీటీ స్కాన్ నార్మల్. బ్లడ్ రిపోర్టు చూసి డాక్టరమ్మ హిందీలో అంది: "అమ్మా, యే డిమెన్షియా నహీ హై. సోడియం బహుత్ లో హై." మతిమరుపు రోగం కాదట, సోడియం బాగా తక్కువట.

"సోడియం అంటే ఏందిరా?"

"ఉప్పవ్వా, ఉప్పు! మన బిస్కట్ నాకేది!"

బీపీ వచ్చినప్పటి నుంచి నేను ఉప్పు పూర్తిగా మానేశాను. నేను వేసుకునే బీపీ గోలీ ఒంట్లో ఉన్న ఉప్పును మూత్రంలో పోగొడుతుందట. మిగిలింది చెమటలో పోయింది. పైనుంచి ఉత్త నీళ్లు. డాక్టరమ్మ ఆ గోలీ మాన్పించి, ఉప్పు సెలైన్ చుక్కచుక్కగా పెట్టింది.

"జల్ది ఎక్కించమను, కొట్టంల పని ఆగింది" అన్నాను ఖాజాతో.

"ఫాస్ట్‌గా ఎక్కిస్తే బ్రెయిన్‌కే డేంజర్" అంది ఆమె. మాటిమాటికీ రక్తం తీసి చూశారు. ఒక పొద్దున కళ్లు తెరిస్తే ఎదుట ఖాజా ఖాజాలాగే కనిపించాడు.

ఇంటికొచ్చి బాగున్నాననుకునేలోపు మళ్లీ మాటలు జారాయి. ముసలోడిని సుక్కర్ అన్నాను. మేడమ్ మళ్లీ ఊరి మాట ఎత్తింది. ఇక నిజంగానే మతి పోయిందనుకొని ఏడ్చాను.

ఖాజా మాత్రం నా పెట్టె గుమ్మరించి, దొరికిన గోలీలన్నీ సంచిలో వేసి, నన్నూ సంచినీ డాక్టరమ్మ ముందు పెట్టాడు. సెలవుకు పోయొచ్చిన ఒకాయన చేత నా బిడ్డ పచ్చడితో పాటు బీపీ గోలీలు పంపింది. పేరు వేరు, రంగు వేరు, కొత్తవనుకొని వేసుకుంటున్నాను. డాక్టరమ్మ ఆ గోలీల షీటు తిప్పి చూసి, "సేమ్ మెడిసిన్. మాన్పించింది ఇదే" అంది.

అవి పారేయడానికి మనసొప్పలేదు గానీ పారేశాను. ఇప్పుడు బీపీకి వేరే గోలీ. డాక్టరమ్మ చెప్పినంత ఉప్పు, చెప్పినన్ని నీళ్లు. మేడమ్ ఊరి మాట ఎత్తడం లేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడితే వయసు అని తీసిపారేయకండి. రక్తంలో సోడియం ఎంతుందో చూపించండి. పోయేటప్పుడు ఊరి నుంచి వచ్చినవాటితో సహా, వాళ్లు వేసుకునే గోలీలన్నీ సంచిలో వేసుకొని పొండి.

పొద్దున లేవగానే పక్క మీదే నాలుగు పేర్లు అనుకుంటాను. సుక్కర్‌కు నానిన గడ్డి. ముసలోడికి జావ. బిస్కట్‌కు గడియ మీద తాళం. లైలాకు కుడివైపు. నాలుగూ వచ్చాకే కాళ్లు కింద పెడతాను.