డ్రమ్మర్ వేళ్లు

పగలంతా రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ ముందు నిలబడి, సాయంత్రం కాగానే బతుకు జీవుడా అంటూ బ్యాండు గదికి పరిగెత్తేవాడు డ్రమ్మర్. నక్షత్రాల గురించి, శూన్యం గురించి గొంతు చించుకునే పాటలకి పదేళ్లుగా ఒళ్లు మరిచి వాయించాడు. ఈమధ్య బ్యాండు దారి మార్చింది. అరుపుల చోట సన్నటి హోరు, డ్రమ్ముల చోట యంత్రాల చప్పుడు వచ్చాయి. "మీ మెషిన్ సౌండు రికార్డు చేసి తే అన్నా" అని బ్యాండువాళ్లు అడిగితే కాదనలేక తనే తెచ్చిచ్చాడు. ఇప్పుడు స్పీకర్లో అది మోగుతుంటే, స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ప్రతి దెబ్బకీ ముందు, నలిగిపోతామన్నట్టు, అతని వేళ్లు చటుక్కున వెనక్కి వస్తాయి. నిన్న గిటారిస్టు అది చూసి, "అన్న తాళం తప్పితే ఒట్టు!" అని మురిసిపోయాడు. డ్రమ్మర్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. తర్వాతి దెబ్బకి భుజాలు ఉలిక్కిపడ్డాయి.