ఆరో బెడ్డు పేషెంటు

మొన్న మంగళవారం ఫోనులో ఫలితం చూసుకున్నాను. బీఏ పాసయ్యాను! మా వంశంలో పట్టా అందుకోబోతున్న మొదటి మనిషిని నేనే. అదీ స్టాఫ్ నర్సుగా రిటైరై, రేపల్లెలో ఇంటిపట్టున ఉంటూ దూరవిద్యలో చదివి. నర్సింగులో నాది డిప్లొమా. దాంతో ఉద్యోగం వచ్చింది గానీ, నిజాంపట్నంలో మావాళ్ళు దాన్ని చదువు కింద లెక్కెయ్యలేదు, సూదులేసే పని అన్నారు. ఇప్పుడేమంటారో చూస్తాను.

ఆఖరి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. దానం చేసేవాడు పుచ్చుకునేవాడి అర్హత చూడాలా అని. పుస్తకంలో జవాబు పక్కనపెట్టి, నేను చేసిన ఒక డ్యూటీ గురించి రాశాను. అదే ఇక్కడ చెబుతున్నాను.

రిటైరవడానికి ముందటి వేసవిలో నన్ను బాపట్లలో ఒక ఆసుపత్రికి, తాగుడు మాన్పించే వార్డుకి వేశారు. సముద్రంలో చేపల వేట నిషేధం నడుస్తున్న రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి వార్డు నిండా తీరం వాళ్ళే. తాగుడు మానిన మొదటి వారం చాలా ప్రమాదం. ఒళ్ళు వణుకుతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి, కొందరికి లేని మనుషులు కనిపిస్తారు. అందుకని రోజూ పొద్దున బీపీ, నాడి చూసి, బి-వన్ విటమిన్ ఇంజెక్షన్ వేసి, రెండు చేతులూ ముందుకు పెట్టి వేళ్ళు విడదీయమంటాం. ఆ వణుకుని బట్టి డాక్టరుగారు మందుల మోతాదు ఎంత తగ్గించాలో రాస్తారు.

ఆరో బెడ్డు మీద పోలయ్య. నిజాంపట్నంలో సరంగు, అంటే మరబోటు నడిపేవాడు. కామెర్లు వచ్చాయని బోటు ఓనరుకి చెప్పి వచ్చి చేరాడు. తాగుబోతని తెలిస్తే వేట మొదలయ్యాక బోటు అతని చేతికివ్వరు.

అతనికి వణుకు తగ్గుముఖం పట్టిన రోజునే, తెనాలిలో బంగారం కొట్టున్న ఒక ఆసామి తన పుట్టినరోజని యాపిల్ పళ్ళు, బ్రెడ్డు ప్యాకెట్లు తీసుకుని వార్డుకి వచ్చాడు. వెంట ఫ్లెక్సీ, ఒక పేపరు ఫొటోగ్రాఫరు. వార్డుకి వాటర్ కూలరు ఇస్తానని అప్పటికే మా సూపరింటెండెంటుగారికి మాటిచ్చి ఉన్నాడు.

పోలయ్య భార్య నాంచారమ్మ నా టేబులు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అన్నా, మా ఓనరు పేపరు చూడందే కాఫీ తాగడు. ఈయన ఫొటో పడిందంటే బోటు పోద్ది. బోటు పోతే ఈయన మళ్ళీ సీసా పడతాడు. నువ్వే ఏదోటి చెయ్యాల."

పేషెంటు వివరం బయటికి పొక్కకుండా చూడటం మా డ్యూటీలో భాగం. ఆ మాటే ఆసామికి చెప్పి, పళ్ళు ఇవ్వండి, ఫొటో మాత్రం వద్దన్నాను. ఆయన నవ్వాడు.

"ఏంటి బ్రదరూ, రోడ్డు మీద దొర్లేటప్పుడు లేని సిగ్గు యాపిల్ పుచ్చుకునేటప్పుడు వచ్చిందా వీళ్ళకి?"

మగ నర్సుల్ని ఆసుపత్రుల్లో బ్రదర్ అనే పిలుస్తారు. "పుట్టినరోజు మీది కదండి, ఫొటోలో మీరుంటే చాలదా అండి?" అన్నాను.

"పేషెంటు లేకపోతే మా పేపరు డెస్కువాళ్ళు వెయ్యరండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. సూపరింటెండెంటుగారు నావైపు చూసిన చూపులో కూలరు కనబడింది.

పేషెంటే కదా కావలసింది! పోలయ్యని వెనక వరండాలోకి పంపి, తెల్ల చొక్కా విప్పి, బనీను మీద దుప్పటి కప్పుకుని ఆరో బెడ్డు మీద నేనే పడుకున్నాను. ఆసామి ఒక్క క్షణం తెల్లబోయి, "మీరా? సర్లే, కానివ్వండి, ఎండెక్కుతోంది," అన్నాడు. ఆయనకి మంచం మీద ఒక మనిషి కావాలి, అంతే.

"అంత నిండుగా ఉంటే ఎవరు నమ్ముతారన్నా? మొహం కాస్త వేలాడెయ్యి. మా ఆయన్ని ఇన్నాళ్ళు చూశావుగా!" అంది నాంచారమ్మ పక్కనుంచి.

నవ్వు ఆపుకుని చెయ్యి చాపాను. ఫొటోగ్రాఫరు తల వంచమన్నాడు. సారువైపు చూడమన్నాడు. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ అన్నాడు. అప్పుడు చూసుకున్నాను, నా వేళ్ళు వణుకుతున్నాయి. నేను చుక్క ముట్టని మనిషిని. ఆ వణుక్కి మా దగ్గర ఇంజెక్షన్ లేదు.

మర్నాడు పేపర్లో పడింది. మద్యానికి బానిసైన వ్యక్తికి పండ్లు అందజేస్తున్న దాత అని కింద రాశారు. తెనాలి నుంచి మా బావ ఫోను. "ఏరా, ఎప్పట్నుంచిరా ఈ యవ్వారం? మా చెల్లెలికైనా తెలుసా?" రేపల్లె స్టేషను దగ్గర టీ కొట్టాయన నాకు సగం గ్లాసే పోశాడు, చేతులు వణికి ఒలకబోసుకుంటానని.

"నువ్వు తాగవని చెప్పెయ్యొచ్చుగా," అని మా ఆవిడ పోరు పెట్టింది. చెప్పలేదు. చెబితే ఆ మంచం ఎవరిదని అడుగుతారు. పైగా, నేను అలాంటివాణ్ణి కానని ఊరందరికీ చెప్పుకుంటే పోలయ్యని ఏమన్నట్టు? తాగితే మాత్రం, మనిషి కాడా?

సూపరింటెండెంటుగారు పిలిచి, స్టాఫే పేషెంటుగా పేపర్లో పడినందుకు నీకు మెమో ఇవ్వాలి అన్నారు. ఇవ్వండి సార్, ఆ బెడ్డు ఎవరిదో అందులో రాయకండి అన్నాను. మెమో రాలేదు, కూలరూ రాలేదు. ఆ వేసవంతా కుండనీళ్ళే తాగాం. ఆ తర్వాత కెమెరా మాత్రం వార్డు గుమ్మం దాటలేదు.

వేట మొదలయ్యాక పోలయ్య బోటెక్కాడు. చలికాలంలో మళ్ళీ తాగాడు. మళ్ళీ తనే బస్సెక్కి వచ్చి, నేను అడక్కముందే చేతులు ముందుకు పెట్టి వేళ్ళు విడదీశాడు. బంగారం కొట్టు ఆసామి చూస్తే అందుకే వీళ్ళకి పెట్టకూడదనేవాడేమో. మేం బీపీ చూసి, ఇంజెక్షన్ వేసి, బెడ్డు ఇచ్చాం. ఏ బెడ్డు ఖాళీగా ఉంటే అది.

నా ఉద్యోగంలో తేల్చుకున్నది ఇదే. వైద్యం బుద్ధిగా ఉన్నందుకిచ్చే బహుమానం అవకూడదు, దానం కూడా అంతే. ఎవరు పుచ్చుకున్నారో, ఎవరికి ఎంత పడుతుందో చూడాల్సిన పని మందు ఇచ్చేవాడికి ఉంది. పళ్ళు ఇచ్చేవాడు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళొచ్చు. పరీక్షలో ఇదే రాశాను, మార్కులు వేశారు!

పట్టా ఇచ్చే రోజు నల్ల గౌనులో ఫొటో తీస్తారట. దాన్ని ఫ్రేము కట్టించి, ముందుగదిలో ఇప్పటికే ఉన్న పేపరు ఫొటో పక్కనే తగిలిస్తాను. పాతది తీసెయ్యమని మా ఆవిడ పోరు. తియ్యను.