ఓట్లకి గంజి కాచిన మా మేనత్త

మొన్న సోమవారం పొద్దున్నే పోర్ట్‌బ్లెయర్ నుంచి మా మేనత్త కూతురు, మా వదిన ఫోన్ చేసి, "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందిరా" అంది. తర్వాత వదినే ఏడుస్తూ ఏడుస్తూ, "నిన్న కూడా చారులో ఉప్పు లేదని నన్ను తిట్టింది" అని నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది. మా మేనత్త మాట ఎత్తితే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది, ఏడుపు తన వంతు కోసం వెనకాల నిలబడాల్సిందే.

మీలో చాలామంది ఆవిడని ఎరగరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డాక పుట్టిన మొదటి పిల్ల. పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా రిటైరైంది. ఊరందరికీ దీదీ. చర్చిలో మేమంతా రెండో చరణంలో ఉంటే ఆవిడ మూడోది ఎత్తుకునేది. మెల్లగా పాడమ్మా అని పాస్టరుగారు బతిమాలితే, "మీరే కాస్త తొందరగా రండి" అనేది. ఇంట్లో ఎవరైనా అలిగితే రెండో వడ్డన ముందు వాళ్ళకే. "అలిగినోడి కడుపు ఖాళీగా ఉంచకూడదు, అందులో ఏదో ఒకటి పెరుగుద్ది" అని ఆవిడ సిద్ధాంతం.

ఆవిడ గురించి చెప్పాలంటే మా తెలుగు సంఘం అధ్యక్ష ఎన్నిక గురించి చెప్పాలి. ఆవిడ ఓడిపోయిన ఎన్నిక అది.

అప్పట్లో ఉత్తరానికి రోడ్డు లేదు. డిగ్లీపూర్ నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళు షిప్పెక్కి పోర్ట్‌బ్లెయర్ వచ్చి, కాన్పయ్యేదాకా చుట్టాల చుట్టాల ఇళ్ళు వెతుక్కునేవాళ్ళు. వాళ్ళు ఉండడానికి సంఘం హాలు వెనక రెండు గదులు కట్టాలని అత్త పట్టు. అడిగిన ప్రతి అధ్యక్షుడూ చూద్దాం అన్నాడు. చూసి చూసి విసిగి, తనే పోటీకి దిగింది. సంఘంలో అంతవరకూ ఏ ఆడమనిషీ దిగలేదు. కుర్చీ మీద ఆశ లేదని ఆవిడ ఏనాడూ అబద్ధమాడలేదు. "కావాలిరా నాకు. అడిగి అడిగి నోరు నొప్పెట్టింది" అంది నాతో.

ఎదుటి అభ్యర్థి డిగ్లీపూర్ పెద్దరైతు. తమ ఊళ్ళో సంఘానికి ఇంకో హాలు కట్టిస్తానని ఆయన మాట. ఊరూరి నుంచీ ఎన్నికైన డెలిగేట్లు ఇరవై ఒక్కమంది ఓటెయ్యాలి. పోర్ట్‌బ్లెయర్, సిప్పీఘాట్, మా ఫెరార్గంజ్ కలిపి తొమ్మిదిమందిమి అత్త వైపు. నేనూ అందులో ఒకణ్ణి. మాయాబందర్, రంగత్ వాళ్ళు ఏడుగురు ఆయన వైపు. డిగ్లీపూర్ అయిదుగురూ ఆయన సొంతవాళ్ళు. అత్త వేళ్ళ కణుపుల మీద లెక్కేసి, "ఆ అయిదుగురిలో ఇద్దరు కదిలితే చాలు" అనేది. కదులుతారని ఆవిడ నమ్మకం కూడా.

ఎన్నిక రోజు పొద్దుటికి డిగ్లీపూర్ షిప్పు రాలేదు. సముద్రం బాగోలేదు, సాయంత్రానికిగాని రాదని జెట్టీలో చెప్పారు. అయిదుగురు డెలిగేట్లూ, ఆ రైతూ అందులోనే ఉన్నారు. మూడింట రెండొంతులు హాజరైతే ఓటింగ్ జరపొచ్చని మా రూలు. ముందురోజు షిప్పులోనే దిగిన మాయాబందర్, రంగత్ వాళ్ళతో కలిపి పదహారుమందిమి ఉన్నాం. తొమ్మిదికి ఏడు, గెలుపు అరచేతిలో ఉంది. మా సిప్పీఘాట్ డెలిగేటు మంచి ఆవేశపరుడు. "అరే దీదీ, రూల్ హై నా! ఇప్పుడే ఏయించేద్దాం, బస్, ఖతమ్" అన్నాడు.

అత్త అతని వంక చూసి, "ఓడ మీదున్నోళ్ళని ఒదిలేసి గెలిస్తే, రేపు ఆ గదుల్లో పడుకోడానికి ఆళ్ళ ఆడోళ్ళొస్తారా భయ్యా? కూకో" అంది. అతను కూచున్నాడుగానీ మొహం మాత్రం కూచోలేదు.

సాయంత్రం షిప్పు వచ్చింది. ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. తెలుగువాళ్ళు పట్టుమని పదిళ్ళు లేని రోజుల్లో మా పెద్దలు పెట్టింది: ఎన్నికలకి దూరం నుంచి వచ్చినవాళ్ళు ఎదుటి అభ్యర్థి ఇంట్లోనే దిగాలి. కంచం ముందు కూచుని తిట్టుకోవడం కష్టమని వాళ్ళ ఆలోచన. కాబట్టి డిగ్లీపూర్ వాళ్ళు ఆరుగురూ అత్తని ఓడించడానికి తిన్నగా అత్త ఇంటికే వచ్చారు. వచ్చారు అనడం కంటే తెచ్చాం అనాలి. పాపం, సముద్రం వాళ్ళని పిండేసింది. పెద్దరైతు అరుగు మీద బకెట్టు కావలించుకుని కూచున్నాడు.

అత్త చేపల పులుసు గిన్నె పక్కన పెట్టి గంజి కాచింది. ఉప్పేసి, నిమ్మకాయ పిండి, ఒక్కొక్కరికీ గ్లాసుతో పట్టించింది. నాడి చూసింది. ఓటింగ్ మొదలెట్టేద్దామని సిప్పీఘాట్ భయ్యా రెండుసార్లు కబురు పెడితే, "కడుపులు కుదుటపడ్డాకే ఓటు" అని తిప్పి పంపింది. రైతు తల పైకెత్తి, "దీదీ, నీ చెయ్యి చల్లగుండాలి. కానీ మావోళ్ళ ఓట్లు మాత్రం నాకే" అన్నాడు. "ముందు తాగండి. ఓటేసే ఓపిక రావాలి కదా" అంది అత్త.

దీపాలు పెట్టే వేళకి ఓట్లు లెక్కపెట్టారు. అత్తకి పది, ఆయనకి పదకొండు. అయిదుగురిలో ఎవరో ఒక్కరే కదిలారు. ఆ ఒక్కరెవరో మేం ఆరా తియ్యబోతే అత్త సాగనివ్వలేదు.

మా పక్షం భగ్గుమంది. సిప్పీఘాట్ భయ్యా లేచి, "చలో, మన సంఘం మనమే పెట్టుకుందాం" అని గుమ్మం దాకా వెళ్ళాడు. వెనకే సగంమంది లేచారు. అత్త మైకు లేకుండానే, వార్డులో కేకేసినట్టు, "ఆళ్ళు ఓడితే ఉండాలి, మనం ఓడితే ఎల్లిపోవాలేటి? రండి ఇలాగ" అంది. రైతు ఎన్నిక ఏకగ్రీవమైనట్టే ఒప్పుకుందామని తనే ప్రతిపాదించింది. చేతులెత్తమంది. మా చేతులు బరువుగా లేచాయి, కానీ లేచాయి.

ఆయన ఉబ్బితబ్బిబ్బై, కార్యదర్శిగా ఉండమని ఆవిడని అక్కడికక్కడే అడిగాడు.

"ఉంటాను. ముందు గదులు, తర్వాత మీ హాలు" అంది.

"హాలు కడతానని మావోళ్ళకి మాటిచ్చాను. ఇప్పుడేటి చెప్పమంటావు దీదీ?"

"ఇందాక గంజి తాగుతా చెప్పారు, మీ కోడలికి ఏడో నెలని. ఆ పిల్లకి చెప్పండి, ఆవిడే అందరికీ చెప్పుకుంటాది."

ఆయన మొహంలో ముందు చిరాకు, తర్వాత లెక్క, ఆ తర్వాత నవ్వు కనిపించాయి. ముందు గదులే కట్టారు. హాలు కట్టలేకపోయారు, ఆ సంగతి డిగ్లీపూర్ వాళ్ళు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

ఆవేళ ఇంటికొచ్చాక అత్త గ్లాసులు తోముతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నన్ను చూసి, "ఇంకో గ్లాసు గంజి పొయ్యాల్సిందిరా" అంది. ఆ ఓటమి ఆవిడకి నొప్పే. మళ్ళీ ఎప్పుడూ పోటీ చెయ్యలేదు, కార్యదర్శిగానే ఏళ్ళకేళ్ళు ఆ అధ్యక్షుడితో పోట్లాడుతూ పనిచేసింది. నా జీవితంలో నాకు దక్కిన మంచి స్నేహితురాలు ఆవిడే. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడకి చెప్పాననే అనుకుంటున్నాను.

మంగళవారం సంఘం హాల్లో ప్రార్థన అయ్యాక అత్తని పడుకోబెట్టిన పెట్టెని వెనక దారిన తీసుకెళ్ళాం. డిగ్లీపూర్ నుంచి పాత అధ్యక్షుడు వచ్చాడు, చేతికర్ర సాయంతో. రెండు గదుల మధ్య అడ్డంగా తాడు, దాని నిండా పసిపిల్లల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఎవరో తాడు విప్పబోతే ముసలాయన వద్దన్నాడు. "ఇంకా తడి ఆరలేదు, కింద పడితే మట్టైపోతాయి. దీదీ ఒప్పుకోదు."

చేతికర్రతో తాడుని పైకెత్తి పట్టుకున్నాడు. మేం పెట్టెని కాస్త కిందికి దించి, ఆ గుడ్డల కిందనుంచి మెల్లగా తీసుకెళ్ళాం. ఒక బుల్లి చొక్కా చేతి నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా పెట్టె మూత మీద పడ్డాయి, ఎవ్వరమూ తుడవలేదు.