చర్చి మూడో మెట్టు

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు కడప జిల్లా ఉత్తరాన, బద్వేలు దాటాక నల్లమల అంచున ఉన్న ఒక సబ్ డివిజన్‌లో. రోడ్ల ఇంజనీర్లలో నా హోదా డీఈ, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నా కింద ఏఈలు, పైన ఈఈ, ఆ పైన ఎస్ఈ. ఆగస్టు మొదటి వారంలో చేరాను. రిటైరవడానికి అప్పటికి మూడేళ్లుంది. మా సొంతూరు ఆత్మకూరు కాబట్టి అడవి అంచు రోడ్లు నాకు కొత్త కావు. పైగా ఇరవయ్యారేళ్ల కిందట ఇదే ప్రాంతంలో ఏఈగా పనిచేశాను. జాలకోనకు పోయే దారిలో పెద్దవంక మీద చప్టా కట్టించింది నేనే. మళ్లీ అక్కడికే డీఈగా వెళ్తున్నానంటే లోపల కాస్త మురిసిపోయాను కూడా. ఆ మురిపెం మూడు నెలలు నిలిచింది.

చప్టా అంటే వంకకు, అంటే వాగుకు, అడ్డంగా, నేలమట్టానికి కొంచెం ఎత్తులో వేసే కాంక్రీటు దారి. నీళ్లొస్తే దాని మీదుగానే పారుతాయి. పారినంతసేపు జనం ఒడ్డున ఆగుతారు, తగ్గాక దాటుతారు. బ్రిడ్జి అలా కాదు, నీళ్లు దాని కిందుగా పోతాయి. ఏ వంకకు ఏది కట్టాలో తేల్చేది ఒకే ఒక్క అంకె. దాన్ని గరిష్ఠ వరద మట్టం అంటాం. ఎన్నడూ రానంత నీళ్లు వచ్చిననాడు ఎంత ఎత్తుకు వచ్చాయన్నది ఆ అంకె. అది ఏ యంత్రమూ చెప్పదు. ఆ ఊళ్లో వయసు మళ్లినవాళ్లను అడగాలి, వాళ్లు చూపించిన చోట లెవెల్ తీయాలి, అంటే ఎత్తు కొలవాలి, లెవెల్ బుక్కులో రాసి వాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. పద్ధతి ఇంతే.

జాలకోనలో కొండ మీది నుంచి నీళ్లు దూకుతాయి, కింద శివలింగం ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం పోయేదాకా జనం వస్తారు. కార్తీకమాసంలోనైతే బస్సులూ కార్లూ బారులు తీరతాయి. పర్యాటక కేంద్రమని రంగుల బోర్డు కూడా పెట్టారు. వంక దాటగానే అరవై గడపల ఊరు, ఒడ్డున పాత రాతి చర్చి. చర్చి పక్కన ఎస్తేరమ్మ కొట్టం. ఆమెకు భర్త లేడు, సెంటు భూమి లేదు. ఆ కొట్టంలో యాత్రికులకు రాగిసంగటి, నాటుకోడి కూర వండి పెట్టి బతికేది. కార్తీకంలో మాత్రం కోడి మానేసి ఊరిబిండి, పుంటికూర పప్పు. చప్టా మీదుగా వచ్చే జనం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

నవంబరులో తుపాను వచ్చింది. మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున నేనూ మా వర్కు ఇన్‌స్పెక్టరూ జీపు వదిలేసి, బురదలో నడిచి వంక దగ్గరికి పోయాం. చప్టా లేదు. విరిగిన ముక్క కూడా కనిపించలేదు. అటూ ఇటూ రోడ్డు కోసుకుపోయి, మధ్యలో ఎర్రటి నీళ్లు పోతున్నాయి. అవతలి ఒడ్డున జనం మమ్మల్ని చూసి చేతులెత్తి అరుస్తున్నారు. ఏమంటున్నారో వినపడలేదు గానీ మెచ్చుకోలు కాదని తెలుస్తూనే ఉంది.

నీళ్లు తగ్గాక లెవెల్ పరికరం పట్టుకుని అవతలికి దాటాం. మట్టం గుర్తు ఎవర్ని అడగాలా అని చూస్తుంటే ఎస్తేరమ్మే ఎదురొచ్చింది. నన్ను చర్చి ముందుకు తీసుకుపోయి మూడో మెట్టు మీద పేరుకున్న ఒండ్రు చూపించింది.

"ఈడికొచ్చినాయి సారూ నీళ్లు. నా కొట్టంలో గిన్నె కూడా మిగల్లేదు" అంది. అని ఊరుకోలేదు. "నేను గుర్తులేనా నీకు? ఆ పొద్దు నువ్వొస్తే మజ్జిగ తెచ్చిచ్చింది నేనే. కొత్త కోడల్ని అప్పుడు. మా మామ నిన్ను ఈ మెట్టు మీదనే నిలబెట్టి సెప్పినాడు. మా నాయన కాలంలో ఈడికొచ్చినాయప్పా, దీనికన్నా తక్కువ కట్టొద్దప్పా అని. నువ్వు బుక్కులో రాసుకుంటివి కదా. ఏం రాసుకుంటివి?"

ఏం రాసుకున్నానో నాకు బాగా తెలుసు.

ఎస్తేరమ్మ మామ పేరు యోహాను. ఇరవయ్యారేళ్ల కిందట ఆ ఊళ్లో అందరికన్నా పెద్దవాడు. నేను అడగాల్సింది అడిగాను, ఆయన చెప్పాల్సింది చెప్పాడు. నేను లెవెల్ తీసి, బుక్కులో అంకె వేయాల్సిన చోటు ఖాళీగా వదిలి, కింద ఆయన వేలిముద్ర వేయించుకున్నాను. ఖాళీ ఎందుకు వదిలానంటే, మా అప్పటి డీఈ ముందే చెప్పి పంపాడు. "ఏమప్పా, ఆ వంకలో మోకాలి లోతు నీళ్లు ఎప్పుడన్నా చూసినావా? ఎండిపోయిన వంకకు బ్రిడ్జి అంటే నవ్వుతారు. చప్టాకు సరిపోయేట్టు రాసుకొని రా" అన్నాడు. మూడో మెట్టు అని రాస్తే నిబంధనల ప్రకారం బ్రిడ్జే కట్టాలి. బ్రిడ్జి అంటే ఫైలు హైదరాబాదు దాకా పోవాలి, అక్కడ ఏళ్లు పడి ఉంటుంది. ఆఫీసుకు తిరిగొచ్చి, రెండు మీటర్లకు పైగా తగ్గించి, ఆ ఖాళీలో నేనే అంకె వేశాను. కరువు సీమలో పుట్టినవాడిని కదా, నీళ్లొస్తాయంటే నాకూ నమ్మకం లేదు. మా డీఈ చెప్పాడన్నది నిజమే, ఆయన ఇప్పుడు లేడన్నదీ నిజమే. చెయ్యి మాత్రం నాది.

ఇక అసలు కథ ఆఫీసుల్లో నడిచింది. ముందు తాత్కాలిక మరమ్మతు అన్నారు. వంకలో సిమెంటు గొట్టాలు పరిచి మీద గ్రావెల్ తోలించాం. ఫోటోలు తీసి పంపితే, జాలకోన రోడ్డు పునరుద్ధరించాం అని పైవాళ్లు ప్రకటించారు. జూలైలో ఒక్క వానకే గొట్టాలు వంకలో దొర్లుకుంటూ పోయాయి. మళ్లీ పరిచాం, మళ్లీ ఫోటోలు తీశాం, మళ్లీ వానకు అవీ పోయాయి. ఆ ఫోటోల కింద నా సంతకం చూసుకుంటే నాకే ఒళ్లు మండేది.

జనవరిలోనే నేను బ్రిడ్జికి అంచనా వేసి పంపాను. మార్చిలో తిరిగొచ్చింది. తుపాను నష్టాల పద్దు కింద ఏది కట్టినా, పడిపోకముందు ఎలా ఉందో అలాగే కట్టాలట, అంతకంటే గట్టిగా కట్టకూడదట. నేను కల్పించి రాయడం లేదు, అది నిబంధన. కొట్టుకుపోయినదాన్ని మళ్లీ కొట్టుకుపోయేట్టే కట్టమని ప్రభుత్వం అచ్చు వేసి ఇచ్చిన కాగితం నా టేబుల్ మీద ఉంది. ఆ కాగితం రాసినవాణ్ణి తీసుకొచ్చి వాన రోజున ఆ వంక మధ్యలో నిలబెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. వేరే పద్దు కింద మళ్లీ పంపాను. జూలైలో, గొట్టాలు పోయిన వారంలోనే, అదీ తిరిగొచ్చింది. ఈసారి రాసిన అభ్యంతరం రెండుసార్లు చదివాను.

"రికార్డు ప్రకారం ఈ వంక గరిష్ఠ వరద మట్టం వేరుగా ఉన్నది. దానిని స్థానిక వృద్ధుడు యోహాను వేలిముద్రతో అప్పటి ఏఈ ధ్రువీకరించి ఉన్నారు. ఇప్పుడు రెండు మీటర్లకు పైగా పెంచుటకు కారణము తెలుపవలెను." అప్పటి ఏఈ అన్నదాని పక్కన నా పేరే ఉంది.

నిజం చెప్పిన ముసలాయన వేలిముద్రను నేను అబద్ధం కింద పెట్టాను. ఇప్పుడు ఆ అబద్ధాన్నే ఆయన కోడలి దారికి అడ్డం వేస్తున్నారు. ఫైలు పట్టుకుని మా ఈఈ దగ్గరికి పోయాను. ఆయన చెడ్డవాడు కాడు, అలిసిపోయినవాడు. "ఏమప్పా, రిటైరయ్యే ముందర నీకీ కర్మ యాడిది? రికార్డులో ఉండేదే రాసి చప్టాకు పంపు. మళ్లీ వరదొచ్చేసరికి నువ్వుంటావా నేనుంటానా?" అన్నాడు. ఇరవయ్యారేళ్ల కిందట నేను విన్న మాటే, గొంతు వేరు. చేయవలసింది ఒకటే ఉంది. ఆ పాత అంకె తప్పుడుది, రాసింది నేనే అని నా చేత్తో రాసివ్వాలి. రాసిస్తే పెన్షనుకు ముప్పు.

ఇక్కడ నన్ను నేను పొగుడుకోను. ఆ ఉత్తరం రాసి నెలరోజులు సొరుగులో పెట్టుకున్నాను. ఆ నెలలో ఒక ఆదివారం వంక దగ్గరికి పోతే, ఎస్తేరమ్మ సంగటి గిన్నె నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో దాటి ఇవతలి ఒడ్డుకు వస్తోంది. ఇవతల రెండే కార్లున్నాయి. వంక చూసి వాళ్లూ వెనక్కి తిప్పుకుంటున్నారు.

"కార్తీకానికన్నా దారి వేస్తారా సారూ?" అని అడిగింది.

కార్తీకానికి కాదన్నాను.

"మరి ఎప్పటికి? నువ్వు కాయితం రాస్తాండావు, రాస్తాండావు అంటారే అందరూ. ఏం రాస్తాండావు? మాకు ఈడ పొయ్యి సరింగా వెలగక ఏడాదైతాండాది."

సోమవారం పొద్దున సొరుగు తీసి ఉత్తరం పంపించాను.

మా శాఖలో అంతటి వేగం ముప్పయ్యేళ్లలో చూడలేదు. బ్రిడ్జి అంచనా ఏడు నెలలు ఊళ్లు తిరిగింది. నా మీద ఛార్జి మెమో పదకొండు రోజుల్లో వచ్చింది. రికార్డును తారుమారు చేసినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమని. చెప్పడానికేముంది, చేశాను అని రాశాను. చేశానని ఒప్పుకున్నా విచారణ జరపాల్సిందేనట. విచారణ అధికారి కడప నుంచి వచ్చాడు. నిక్కచ్చి మనిషి. ఎంత తగ్గించి రాశానో తేల్చాలంటే అసలు మట్టం ఎంతో ఆయన కొలవాలి కదా. చర్చి మూడో మెట్టు మీద స్టాఫ్ అనే కొలత కర్ర నిలబెట్టించి లెవెల్ తీశాడు. ఎస్తేరమ్మ వాంగ్మూలం రాసుకున్నాడు. అంకె వేశాక ఆమెకు చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టమన్నాడు. ఆమె సంతకం పెడుతూ నా వైపు ఒకసారి చూసింది.

నన్ను దోషిగా తేల్చడానికి మూడో మెట్టే నిజమని శాఖ తన చేత్తో రాసుకోవలసి వచ్చింది. నేను చేసిన తెలివైన పని ఒక్కటే. ఆ విచారణ నివేదిక నకలు తెచ్చి బ్రిడ్జి అంచనాకు కుట్టి పంపించాను. ఈసారి అభ్యంతరం పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. జూన్‌లో మంజూరైంది. మంజూరైనంత మాత్రాన పని మొదలవుతుందా? టెండరుకు మొదటిసారి ఎవరూ రాలేదు, రెండోసారి వచ్చినవాడు ఆరు నెలలు యంత్రాలు దించలేదు. రెండో కార్తీకం కూడా అలాగే పోయింది. నాకు ఇంక్రిమెంట్లు కోశారు, ఆ కోత పెన్షనులో ఇప్పటికీ ఉంది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నేను రిటైరైన రోజుకు వంకలో స్తంభాలు మాత్రం లేచాయి.

మూడో కార్తీకంలో బ్రిడ్జి తెరిచారని పేపర్లో చదివి, బద్వేలులో బస్సు మారి వెళ్లాను. బ్రిడ్జి బాగా వచ్చింది. వారం కిందటి వానకు వంక నిండుగా పారుతోంది, నీళ్లకూ బ్రిడ్జికీ మధ్య ఇంకా బోలెడు ఎత్తుంది. వాహనాలు ఆగకుండా పోతున్నాయి. చర్చి పక్కన ఎస్తేరమ్మ కొట్టం ఉన్నచోట టౌను నుంచి వచ్చిన ఎవరో రేకుల షెడ్డు వేసి పెద్ద హోటలు పెట్టాడు. 'పల్లె రుచులు' అని బోర్డు. దారి వస్తుందని ఊళ్లోవాళ్లకు తెలిసేలోపే వాడు స్థలం తీసుకున్నాడట. వెనక వంటపాకలో ఎస్తేరమ్మ కనిపించింది, పెద్ద డేగిసాలో సంగటి గెలుకుతోంది. రెండేళ్లు కొట్టం మూతపడి, తిండికి లేక ఆ చోటు వదులుకుందని, ఇప్పుడు వాడి దగ్గరే కూలికి వండుతోందని ఆమె చెబితేనే తెలిసింది.

"బ్రిడ్జి బాగుండాది సారూ" అంది, గెలకడం ఆపకుండా. "అప్పుడే రాసింటే నా కొట్టం నాకుండేది."

కూర్చోమని మాత్రం అనలేదు. నేను అన్నం తినకుండానే బస్సెక్కాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఇంతే. వంకలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ ఊరి మనిషిని అడగండి. చెప్పిన అంకెను ఆ మనిషి ఎదుటనే సిరాతో రాసి చదివి వినిపించండి. ఆ తర్వాతే వేలిముద్ర అడగండి. ఈ మూడింటిలో నేను మొదటిది మాత్రమే సరిగా చేశాను.